తెలుగులో తొలి నేపథ్య గానం ఎవరిది? ఘంటసాల, సుశీల, జానకి, బాలు: ఎవరి మొదటి పాట ఏది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీ ఊరి తెలుగు సంఘం కోసం పాత పాటల క్విజ్ తయారు చేస్తున్నారు. తెలుగులో తొలి నేపథ్య గాయకులు ఎవరని వెతికితే ఒకచోట బాలసరస్వతీదేవి, ఇంకోచోట ఎమ్మెస్ రామారావు, మరోచోట ఘంటసాల అని కనిపించింది. సుశీల తొలి సినిమాకు రెండు పేర్లు, బాలు తొలి పాటకు రెండు సంవత్సరాలు దొరికాయి. ఏది రాయాలి అని అడిగారు.

ముందు జవాబులు చెప్పేస్తాను.

తెర మీద ఒకరు కనిపిస్తుంటే వెనక మరొకరు పాడిన తొలి తెలుగు సినిమా పాటగా ఎక్కువమంది ఒప్పుకునేది ‘భాగ్యలక్ష్మి’ (1943)లోని ‘తిన్నె మీద సిన్నోడ’. గొంతు బాలసరస్వతీదేవిది, తెర మీద కమలా కోట్నీస్. మగ గొంతుల్లో తొలి పేరు ఎమ్మెస్ రామారావుగారిది, సినిమా ‘తహసీల్దార్’ (1944). ఘంటసాల నేపథ్య గాయకుడిగా మొదట పాడింది ‘స్వర్గసీమ’ (1945)లో, భానుమతిగారితో కలిసి. సుశీలగారి తొలి సినిమా రెండు భాషల్లో తయారైంది, అందుకే రెండు పేర్లు: తమిళంలో ‘పెట్ర తాయ్’, తెలుగులో ‘కన్నతల్లి’. బాలుగారి తొలి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న, సినిమా వచ్చింది 1967లో.

అంటే మీకు దొరికిన వాటిలో చాలావరకు తప్పులు కావు. ఒక్కొక్కరూ ఒక్కో ‘మొదటి’ గురించి చెప్పారు, ఏ మొదటిదో చెప్పకుండా వదిలేశారు. నలభై ఏళ్లుగా గ్రామఫోను ప్లేట్లు పోగుచేస్తూ నాకు అర్థమైంది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మా నాన్నగారికి తెనాలిలో మైకుసెట్ల షాపు ఉండేది. పెళ్లిళ్లకూ జాతరలకూ హారన్లు, ఆంప్లిఫయరు, గ్రామఫోను, ప్లేట్ల పెట్టె అద్దెకిచ్చేవారు. లక్క ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు ఆడుతుంది, అంతే. పాట పెద్దదైతే సగం ఇటు, సగం అటు. పక్కనే కూర్చుని ప్లేటు తిప్పడం చిన్నప్పుడు నా పని. షాపు మూసేశాక ఆ పెట్టె నాకు వచ్చింది. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడక ముందు రెండుసార్లు వెళ్లి ప్లేట్లతో పాటు సినిమా పాటల పుస్తకాలు కూడా కట్టలు కట్టించుకుని తెచ్చాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ పెట్టెతో, ఆ పుస్తకాలతో బతికిన అనుభవం మీద చెబుతున్నది.

మొదట ‘నేపథ్య గానం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. టాకీలు వచ్చిన కొత్తలో షూటింగు జరుగుతుండగానే నటులు పాడేవారు. హార్మోనియం, తబలా, ఫిడేలు కెమెరాకు కనిపించకుండా చాటున ఉండేవి. మధ్యలో ఎవరైనా దగ్గితే పాట మళ్లీ మొదటికి వచ్చేది. అందుకే నాటకరంగం నుంచి పాడగలిగినవాళ్లనే తెచ్చుకున్నారు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయిగారు తన పాటలు తానే పాడుకున్నారు.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. జనం రెండిటినీ కలిపేస్తారు, గందరగోళమంతా అక్కడే. ఒకటి, పాటను ముందే రికార్డు చేసి, షూటింగులో దాన్ని వినిపిస్తూ నటుడి చేత పెదవులు కదిలించడం. ఇందులో గొంతు ఆ నటుడిదే కావచ్చు. రెండోది, అసలు గొంతే వేరేవాళ్లది కావడం. కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్లు 1935లో నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన బెంగాలీ ‘భాగ్యచక్ర’తో ఈ పద్ధతి మన దేశంలో నిలదొక్కుకుంది. అదే కథను హిందీలో ‘ధూప్ ఛావ్’గా తీశారు. సంగీతం రాయ్‌చంద్ బోరాల్. తెలుగులో గొంతు అరువు ఇవ్వడం అనేది కంటికి కనబడేలా జరగడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? నా అంచనా ఏమిటంటే మనవాళ్లకు పాట, మనిషి వేరుకావు. పద్యం అందుకోగలవాడే నటుడు. నాగయ్యగారు, భానుమతిగారు, సూర్యకుమారిగారు, ఎస్. వరలక్ష్మిగారు అందరూ తమ పాట తామే పాడుకున్నవాళ్లు. అలాంటివాళ్లు ఉండగా ఇంకొకరి గొంతు పెట్టాల్సిన అవసరం నిర్మాతకు కనిపించలేదు.

‘భాగ్యలక్ష్మి’ని తీసింది నాగయ్యగారి రేణుకా ఫిలిమ్స్, దర్శకుడు పి. పుల్లయ్య, సంగీతం భీమవరపు నరసింహారావు. పాడగలవాళ్లలో మేటి అయిన నాగయ్యగారి సొంత సంస్థ సినిమాలోనే పాట ఒకరిది, ముఖం మరొకరిది కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. బాలసరస్వతీదేవి అప్పటికే కొత్త కాదు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే తెర మీద పాడుతున్నారు. ‘ఇల్లాలు’ (1940)లో సాలూరి రాజేశ్వరరావుతో కలిసి నటించి పాడారు. ప్లేట్ల మీద, రేడియోలో ఇద్దరి లలిత గీతాలూ ఇంటింటా మోగాయి. కాబట్టి ‘బాలసరస్వతి తొలి పాట’ అని అడిగితే జవాబు ‘భాగ్యలక్ష్మి’ కాదు. ‘తెలుగులో తొలి నేపథ్య గానం’ అని అడిగితేనే అది జవాబు. ఈ తేడా మీ క్విజ్‌లో తప్పకుండా పాటించండి.

ఎమ్మెస్ రామారావుగారిని ఇప్పటివాళ్లు ‘సుందరకాండ’, ‘హనుమాన్ చాలీసా’తో మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. ఆయనకు సుందరదాసు అనే పేరు వచ్చిందీ వాటివల్లే. ఆ గొంతు తెలుగు సినిమాలో ఎంత ముందు మోగిందో తెలియనివాళ్లే ఎక్కువ. మీ క్విజ్‌లో ఆయన మీద ఒక ప్రశ్న పెడితే నేను నిజంగా సంతోషిస్తాను.

ఇక ఘంటసాల. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 1996లో మా ఊళ్లో ఆయన జయంతికి నేనే క్విజ్ నడిపాను. ‘ఘంటసాల తొలి సినిమా ఏది?’ అని అడిగాను. రిటైరైన మాస్టారు ఒకాయన లేచి ‘సీతారామ జననం’ అన్నారు. నా కాగితంలో ‘స్వర్గసీమ’ అని ఉంది, తప్పని చెప్పి మార్కు ఇవ్వలేదు. రాత్రి పడుకున్నాక తెలిసింది, ఆయన చెప్పిందే సరి. నేను అడిగింది ‘తొలి సినిమా’. 1944 నాటి ‘సీతారామ జననం’లో ఘంటసాల బృందగానంలో గొంతు కలిపారు. సముద్రాల రాఘవాచార్యులుగారి చలవతో దొరికిన అవకాశం అది. నేపథ్య గాయకుడిగా విడిగా వినిపించింది ‘స్వర్గసీమ’లో. మర్నాడు మాస్టారింటికి వెళ్లి బహుమతి పుస్తకం ఇచ్చి క్షమాపణ చెప్పాను. ఆ రోజు నుంచి ‘తొలి’ అనే మాట రాసిన ప్రతిసారీ దాని పక్కన ఇంకో మాట రాయకుండా వదలను.

‘స్వర్గసీమ’ వాహినీ వారిది, బి.ఎన్. రెడ్డి దర్శకత్వం. అందులో పాడినందుకు ఘంటసాలకు దక్కింది నూటపదహారు రూపాయలు. చౌటపల్లిలో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో మధూకరం ఎత్తుకుంటూ చదువుకుని, క్విట్ ఇండియా ఉద్యమంలో అలీపురం జైల్లో గడిపి మద్రాసు చేరిన మనిషికి ఆ నూటపదహార్లు ఎంతటివో ఊహించండి. అదే సినిమాలో భానుమతిగారి ‘ఓహో పావురమా’ దేశాన్ని ఊపింది. ఆ బాణీ బాలాంత్రపు రజనీకాంతరావుగారిది. ఆయన అప్పుడు మద్రాసు రేడియోలో ఉద్యోగి, పేరు తెర మీద పడలేదు. టైటిల్సులో పేరు లేకపోతే పని చేయలేదని అర్థం కాదు. ఆ కాలం సినిమాల గురించి రాసేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

ఇంకో చిక్కు పేర్లలో ఉంది. ‘సీతారామ జననం’ తీసిన ప్రతిభా సంస్థ అధిపతి ఘంటసాల బలరామయ్య. నాగేశ్వరరావుగారిని బెజవాడ రైల్వే స్టేషన్లో చూసి సినిమాల్లోకి తెచ్చింది ఆయనే. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు వేరే మనిషి. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడంతో ‘ఘంటసాల తీసిన తొలి సినిమా’ అంటూ ఒకరి ఘనతను ఇంకొకరికి అంటగట్టిన వ్యాసాలు నేనే ఎన్నో చదివాను.

ఈ ఇద్దరు ఘంటసాలలూ, అక్కినేనీ కలిసిన చోటే తెలుగు నేపథ్య గానం అసలు మలుపు ఉందని నా అభిప్రాయం. అది ‘బాలరాజు’ (1948). అప్పటిదాకా నాగేశ్వరరావుగారు ‘మాయాలోకం’ లాంటి సినిమాల్లో తన పాటలు తానే పాడుకునేవారు. ‘బాలరాజు’లో ‘చెలియా కనరావా’ కూడా మొదట ఆయనే పాడారు. తర్వాత దాన్ని ఘంటసాల చేత పాడించి పెట్టారు. తెర మీద అక్కినేని, గొంతు ఘంటసాల అనే జంట అక్కడ మొదలైంది. లెక్కకు ‘భాగ్యలక్ష్మి’ మొదటిది. కానీ ఒక హీరో గొంతు వదులుకుని ఇంకొకరి గొంతును తనదిగా చేసుకోవడం, జనం దాన్ని మనసారా ఒప్పుకోవడం, ఈ పాటతోనే జరిగింది. మా నాన్నగారు ‘చెలియా కనరావా’ ప్లేటు అరిగి గరగరమంటుంటే రెండోది తెప్పించారు. అంతగా అరిగిన ప్లేటు ఆ పెట్టెలో ఇంకోటి లేదు.

మరుసటి ఏడు, 1949లో, ‘కీలుగుర్రం’ వచ్చింది. సంగీత దర్శకుడు ఘంటసాల. అందులో అంజలీదేవికి పాట పాడింది సి. కృష్ణవేణి. ఆమె స్వయంగా హీరోయిన్, గాయని, దర్శకుడు మీర్జాపురం రాజావారి భార్య. తాను తెర మీద లేకుండా వేరే హీరోయిన్‌కు గొంతు ఇచ్చారు. అదే ఏడాది చివర ఆమె నిర్మించిన ‘మనదేశం’లో ఎన్టీ రామారావుగారు తొలిసారి తెర మీదికి వచ్చారు, 1949 నవంబరు 24న. సంగీతం మళ్లీ ఘంటసాలే. రెండేళ్లు తిరిగేసరికి ‘పాతాళభైరవి’లో రామారావుగారికి ఘంటసాల, మాలతిగారికి పి. లీల గొంతులు. ఇక వెనక్కి తిరిగింది లేదు.

ప్లేటు లెక్క వేరు, సినిమా లెక్క వేరు. సినిమాతో సంబంధం లేని ‘ప్రైవేటు’ ప్లేట్లు అప్పట్లో చాలా ఉండేవి. ఘంటసాల హెచ్.ఎం.వి.కి ఇచ్చిన తొలి ప్లేటుగా చెప్పేది ‘గాలిలో నా బ్రతుకు’. అందుకు సాయపడింది ఆ కంపెనీలో ఉన్న పేకేటి శివరాం. కాబట్టి ‘ఘంటసాల తొలి పాట’ అనే ప్రశ్నకు బృందగానం, నేపథ్య గానం, ప్రైవేటు ప్లేటు అని మూడు జవాబులు వస్తాయి. మూడూ తీసుకోవాలి, లేదా ప్రశ్న మార్చాలి.

సుశీలగారిది ఇంకో రకం చిక్కు. ఆమెదీ విజయనగరమే. ఘంటసాల చదివిన మహారాజా సంగీత కళాశాలలోనే ఆమె కూడా చదివారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు అధ్యక్షుడిగా నడిచిన ఆ ఒక్క కళాశాల తెలుగు పాటకు ఇద్దరిని ఇచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కొత్త గొంతు కోసం వెతుకుతున్న సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావుగారు రేడియోవాళ్లను అడిగితే వాళ్లు పంపిన ఐదుగురిలో ఆమె ఒకరు. కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో ‘పెట్ర తాయ్’, ‘కన్నతల్లి’ రెండూ ఒకే తయారీ. తమిళంలో ఎ.ఎం. రాజాతో ‘ఎదుక్కు అళైత్తాయ్’ అన్న పాట ఆమె తొలి పాటగా పేరుపడింది. క్విజ్‌లో ‘కన్నతల్లి’ అన్నా, ‘పెట్ర తాయ్’ అన్నా మార్కు ఇచ్చేయండి.

సుశీలగారి విషయంలో ఇంకో రెండు ‘మొదటి’లు ఉన్నాయి. ఉత్తమ నేపథ్య గాయనికి జాతీయ అవార్డు పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆమే, 1968 నాటి తమిళ సినిమా ‘ఉయర్న్ద మనిదన్’కు. తర్వాత 2016లో గిన్నిస్ వాళ్లు ధ్రువీకరించిన 17,695 పాటల లెక్క. అది 1960ల నుంచి పాడినవాటి లెక్క. ‘కన్నతల్లి’ నుంచి మొదలుపెడితే 1950లలో పాడినవన్నీ అందులోకి రావు. ఆ అంకెను ‘మొత్తం పాటలు’ అని రాయకండి.

జానకిగారిది మరో రకం. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతం అమ్మాయి, కానీ 1957లో మొదట పాడింది తమిళ ‘విధియిన్ విళైయాట్టు’కు, టి. చలపతిరావు సంగీతంలో. ఆ మర్నాడే తెలుగులో ‘ఎం.ఎల్.ఏ.’కు ఘంటసాలతో ‘నీ ఆశ అడియాస’. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ అయితే మొదలుపెట్టిందే హిందీలో, 1952 నాటి జెమినీవారి ‘మిస్టర్ సంపత్’తో. అప్పుడంతా మద్రాసే కదా. ఒకే స్టూడియోలో పొద్దున తమిళం, మధ్యాహ్నం తెలుగు, మధ్యలో హిందీ. మనవాళ్ల తొలి పాట తెలుగులోనే ఉండి తీరాలనుకుని వెతికితే దొరకదు.

జిక్కిగారికి రెండు మొదళ్లు. 1943లో ‘పంతులమ్మ’లో చిన్నపిల్లగా తెర మీద కనిపించి పాడారు. నేపథ్య గాయనిగా పేరు తెచ్చింది 1948 తమిళ ‘జ్ఞానసౌందరి’. చిన్నప్పుడు పాడినవాళ్లందరికీ ఇలా రెండేసి ఉంటాయి. విడివిడిగా అడగండి.

మరొక అందమైన ప్రశ్న చెబుతాను. లతా మంగేష్కర్ తొలి తెలుగు సినిమా పాట? ‘సంతానం’ (1955)లో ‘నిదురపోరా తమ్ముడా’, సుసర్ల దక్షిణామూర్తి సంగీతం. ఆమె సొంత మొదలు కూడా చిక్కే. 1942లో మరాఠీ ‘కితీ హసాల్’ కోసం పాడిన పాటను సినిమాలోంచి తీసేశారు. హిందీ సినిమాకు నేపథ్య గానం ‘ఆప్ కీ సేవా మే’ (1946). 1949లో ‘మహల్’ పాట ‘ఆయేగా ఆనేవాలా’ ప్లేటు వస్తే దాని మీద గాయని పేరుగా అచ్చయింది లత కాదు, కామిని. అది సినిమాలో పాత్ర పేరు! ప్లేటు లేబులు కూడా సాక్ష్యంగా అన్నివేళలా నిలబడదు.

పాటల పుస్తకాలూ అంతే. సినిమా విడుదలకు ముందే అచ్చయ్యేవి, కాబట్టి తర్వాత కత్తిరించిన పాటలు కూడా వాటిలో ఉంటాయి. నా దగ్గరున్న పాతవాటిలో చాలావాటిలో కథ సంగ్రహం, నటవర్గం, సాహిత్యం ఉంటాయి, ఏ పాట ఎవరు పాడారో ఉండదు. అందుకని నేను ప్లేటు, పుస్తకం, సినిమా టైటిల్సు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. రెండు కలిస్తే రాస్తాను. ఇప్పుడు అంతర్జాలంలో దొరికే పాత సినిమాల కాపీల్లో టైటిల్సు తెగిపోయి ఉంటాయి, కింద ఎవరో రాసిన వివరం ఒక్కటే ఉంటుంది. దాన్ని నమ్మి క్విజ్ జవాబు రాయకండి.

బాలుగారి సంగతి ముందే చెప్పాను, కాస్త కలుపుతాను. పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, సంగీతం కోదండపాణి, పాట ‘ఏమి ఈ వింత మోహం’. పక్కన పాడినవాళ్లలో సుశీల, పి.బి. శ్రీనివాస్ ఉన్నారు. ఎనిమిది రోజుల తేడాలో కన్నడంలో ‘నక్కరె అదే స్వర్గ’కు కూడా పాడారు. 1966 అన్నవాళ్లు రికార్డింగు తేదీ చెబుతున్నారు, 1967 అన్నవాళ్లు విడుదల చెబుతున్నారు. తన గురువు కోదండపాణి పేరునే బాలుగారు తర్వాత తన రికార్డింగు థియేటరుకు పెట్టుకున్నారు.

మీ ప్రశ్నలను ఇలా రాసుకుంటే గొడవ రాదు: ‘ఒకరు నటిస్తే మరొకరు పాడిన తొలి తెలుగు పాటగా పేరున్నది ఏది?’, ‘ఘంటసాల బృందగానంలో పాడిన సినిమా ఏది, నేపథ్య గాయకుడిగా తొలి సినిమా ఏది?’, ‘బాలు తొలి పాట రికార్డయిన తేదీ ఏది?’ ఇక ‘చెలియా కనరావా’ను ప్రశ్నగా చదవకుండా పాటగానే వినిపించండి. హాల్లో పెద్దవాళ్లుంటే రెండో చరణం వచ్చేలోపే వాళ్లే అందుకుంటారు.